పిడి దగ్గర ఎవరు?

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రేకులు వంచే ఆ పాత మిషన్‌కి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పిడి తిప్పాలి, ఇంకొకరు రెండు రోలర్ల మధ్యకి రేకును నడపాలి. నడిపేవాడు రేకు మీద గీసుకున్న గీత మీంచి చూపు మరల్చాడో, రేకు అష్టవంకరలు పోతుంది. పిడేమో అవతలి చివరన, షెడ్డులో బల్బు వెలుతురు చేరనిచోట ఉంది.

ఆ రాత్రి రేకు నడపబోతున్న ఆయన, వెనకాల అడుగుల చప్పుడు వినగానే తల ఎత్తకుండానే, “తిప్పు తల్లీ,” అన్నాడు.

పిడి కిర్రుమంటూ తిరిగింది.

“ఆపు.” ఆగింది. “ఊఁ, తిప్పు.” తిరిగింది.

రోజూ వసపిట్టలా వాగే కూతురు ఇవాళ కిమ్మనడం లేదు.

“ఏంటే, బెల్లం కొట్టిన రాయిలా ఉన్నావ్?”

జవాబు మేడమెట్ల మీంచి వచ్చింది. “సారీ నాన్నా, కునుకు పట్టేసింది. ఒక్కడివే ఎలా తిప్పుతున్నావ్?”

ఆయన తల తిప్పి మెట్ల వైపు చూశాడు. చెయ్యి జారింది. “ఆపు!”

చెప్పిన మాట విన్నట్టు పిడి ఆగింది. కానీ అప్పటికే చేతి తొడుగును రోలర్లు లాగేసుకున్నాయి, దాంతోపాటు వేలి కొసని కూడా. తొడుగు వేసుకుని ఆ మిషన్ ముట్టుకోవద్దని కూతురు ఎన్నిసార్లు పోరిందో! లాగితే రావడం లేదు. పిడి వెనక్కి తిరగాలి.

కూతురు మెట్ల మీదే కొయ్యబారిపోయింది. ఆమె చూపు ఆయన మీద లేదు. మిషన్ అవతలి చివరన ఉంది.

ఆయనా అటే తిరిగాడు. ఈసారి ఎంతో మర్యాదగా అన్నాడు.

“కొంచెం... వెనక్కి తిప్పండి.”

చీకట్లో పిడి కిర్రుమంది.