మామ కట్టిన క్యారేజీ

మధ్యాహ్నం క్యారేజీ ఊడ్చిపెట్టినంత శుభ్రంగా తిన్న వెల్డర్, మూడు కొట్టేసరికి కడుపు పట్టుకుని పరంజా మీదే కూలబడ్డాడు.

ఆస్పత్రిలో రెండు రోజులు సెలైనే తిండి.

"పాడైన కోడికూర తిన్నావు," తేల్చేశాడు డాక్టరు.

హాస్టల్లో నలభైమంది ఉన్నా ఇంకెవరికీ ఏమీ కాలేదు. తెల్లారే పనికెళ్ళేది వీడొక్కడే కనుక క్యారేజీ కట్టించుకునేదీ వీడొక్కడే. మిగతావాళ్ళు మధ్యాహ్నం అక్కడే తింటారు.

"మాకు కోడికూర ఎక్కడిది? ఉడికించిన గుడ్లు పెట్టారు," అన్నాడు చూడ్డానికొచ్చిన హాస్టల్ గదిలోవాడు.

వెల్డర్‌కి ఒళ్ళు మండిపోయింది.

"అంటే పాచికూర నాకు అంటగట్టాడన్నమాట!"

హాస్టల్ వంటాయన, పని కోసం వచ్చిన ఆ దేశంలో వాడికి దొరికిన ఒకే ఒక్క తెలుగు గొంతు. చుట్టరికం లేకపోయినా ఆయన నోరారా "అల్లుడూ" అనేవాడు, వీడు "మామా" అనేవాడు. పరాయివాడు పెట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

మూడో రోజు ఆయనే వచ్చాడు, గ్లాసుడు గంజితో. మొహం పీక్కుపోయి ఉంది.

"అల్లుడూ, ఒక్క మాట విను..."

"ఎవడికి అల్లుణ్ణి? నమ్మించి గొంతు కోశావు. ముందు ఇక్కణ్ణించి వెళ్ళు!"

ఆయన గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఫిర్యాదు కాగితం మీద వెల్డర్ కసిగా సంతకం గీకాడు. మేనేజర్ పిలిచి అడిగితే వంటాయన ఎదురు చెప్పలేదట. "రుచి చూడకుండా కట్టాను, తప్పు నాదే," అన్నాడట. వారం తిరక్కుండా ఆయన్ని విమానం ఎక్కించేశారు.

"పీడా వదిలింది," అన్నాడు వెల్డర్. అన్నాడే గానీ, ఆ మాట వాడికే చేదుగా తగిలింది.

మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు, అందరిలాగే గేటు దగ్గర ఫోను అప్పగిస్తుంటే కాపలావాడు పలకరించాడు.

"ఒళ్ళు కుదుటపడిందా? నువ్వు పడిపోయిన రోజే ఇక్కడ ఇంకో తమాషా. వంటబట్టల్లో ఒక ముసలాయన పరుగెత్తుకొచ్చాడు. ఇదిగో, ఈ ఊచలు పట్టుకునే రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. పైన ఉన్న నీ వైపు చేతులూపుతూ ఒకటే కేకలు! తాగొచ్చాడనుకుని గెంటేశాం."

వెల్డర్ ఆ ఊచల దగ్గరికి నడిచాడు.

"ఎప్పుడు?"

"భోజనం గంట ఇంకా కొట్టలేదు."

కాపలావాడు తల గోక్కున్నాడు.

"అవునూ, మీ భాషలో 'తినొద్దల్లుడూ' అంటే ఏమిటి?"