కొసరు వంకాయ

అడవి సంతలో కూరగాయలమ్మే ఎలుగన్న పది వేరుశనగ గింజలకి అరకిలో వంకాయలు తూచి, కొసరుగా ఒక్క కాయ వెయ్యనన్నాడు. కుందేలమ్మకి ఒళ్ళు మండింది.

"నీ కాయలెవరిక్కావాలి! మా దొడ్లోనే పండించుకుంటా, నాలుగు గింజలు మిగుల్తాయి" అని విసవిసా వెళ్ళిపోయింది.

మర్నాడే విత్తనాలకి మళ్ళీ ఎలుగన్న దగ్గరికే వచ్చింది. తర్వాత ఎరువుకొచ్చింది, కోతులకి అడ్డంగా వల కొనడానికొచ్చింది. కలుగులో దాచిన వేరుశనగ గింజలన్నీ ఎలుగన్న గల్లాపెట్టెలో చేరాయి.

మూడు నెలలకి ఒకే ఒక్క వంకాయ కాసింది. కుందేలమ్మ దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని సంతంతా తిప్పింది.

"చూశావా అన్నా, ఇంటి కాయ! ఒక్క గింజ ఖర్చు లేదు" అంది. ఆనక గొంతు తగ్గించి, "కూరకి చాలదు గానీ, ఓ అరకిలో తూచు" అంది.

ఎలుగన్న తూచాడు. కుందేలమ్మ కదల్లేదు.

"కొసరో?"

"నీ చేతిలోనే ఉందిగా చెల్లెమ్మా!"