లోయ దాటేదాకా

లెయొకాదియా నడిస్తే ఆ మనిషీ నడుస్తున్నాడు. ఆమె ఆగితే అతనూ ఆగుతున్నాడు.

పొద్దున ఊరు దాటినప్పటి నుంచీ ఇదే వరస.

మరీ దగ్గరికి రావడం లేదు. కేక వేస్తే వినపడేంత దూరం. మాసిన గొర్రెతోలు కోటు, చేతిలో కర్ర, పెరిగిన గడ్డం.

సనాబ్రియా కొండల మీదుగా సంతియాగో పుణ్యక్షేత్రానికి వెళ్లే ఈ బాటలో యాత్రికులే అరుదు. దారి చూపడానికి బండల మీద గీసిన పసుపు బాణాలు తప్ప తోడు ఉండదు.

ఊట దగ్గర సీసా నింపుకుంటూ ఆమె అడిగేసింది.

"ఏం కావాలయ్యా నీకు?"

అతను టోపీ తీశాడు. నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"మ... మ... మం..."

"పొద్దున్నే మందు పట్టించావా?"

కాదన్నట్టు తల ఊపి, కొండ వైపు చెయ్యి చూపించాడు. "మ... మ..."

మాట పూర్తయ్యేదాకా ఆమె ఆగలేదు. సీసా మూత బిగించి నడక సాగించింది.

ఒకరి మాట వినే ఓపిక ఆమెకు పోయిన చలికాలంతోనే పోయింది. ఒక్కగానొక్క కొడుకు గస్పార్ అప్పుడు ఇదే బాటలో ఒంటరిగా వెళ్తూ లోయలో జారిపడ్డాడు. పోలీసులు శవాన్ని అప్పగించి, "ఎవరో వచ్చి కబురు చెప్పారమ్మా" అన్నారు. అంతే.

వాడు పిలిచే ఉంటాడు. ఎవరూ పలకలేదు. దిక్కులేని చావు చచ్చాడు.

ఆ ఊహే ఆమెను తినేస్తోంది. వాడు నడవలేకపోయిన దారి తానైనా నడుద్దామని బయలుదేరింది. ఈ సంగతి దారిలో ఎవరికీ చెప్పలేదు. జాలి మాటలంటే ఆమెకు ఒళ్లుమంట.

చెస్ట్‌నట్ చెట్ల గుంపు దాటగానే మంచు దిగింది. వెనక అడుగుల చప్పుడు దగ్గరైంది.

ఆమె గిర్రున తిరిగి తన చేతికర్ర ఎత్తింది.

"ఇంకొక్క అడుగు వేశావంటే పోలీసులకు పట్టిస్తా. సిగ్గులేదూ, ఒంటరి ఆడదాని వెంట పడటానికి? నా దారిలో కనపడకు, ఫో."

అతను చేతిలోని టోపీ పెట్టుకున్నాడు. బాట వదిలి, పైనున్న రాళ్లలోకి, ముళ్లపొదల్లోకి ఎక్కిపోయాడు.

పీడ విరగడైందనుకుంది.

కానీ కాసేపటికి పైనుంచి కొమ్మలు విరుగుతున్న చప్పుడు. ఆమెతో పాటే సాగుతోంది.

అడుగు వేగం పెంచింది.

ఉన్నట్టుండి వెనక రాళ్లు దొర్లాయి. ఏదో బరువైనది బాట దాటి కిందనున్న లోయలోకి జారిన శబ్దం. తర్వాత ఒక కేక. కాస్త ఆగి, మళ్లీ.

లెయొకాదియా నిలబడిపోయింది.

'నాటకం. దగ్గరికి వెళ్తే పట్టుకుంటాడు' అనుకుంది.

మూడోసారి కేక సన్నగా వినిపించింది. ఆమె వెనక్కి తిరగలేదు.

సత్రం చేరేసరికి దొమితిలా వెల్లుల్లి చారు కాస్తోంది. సత్రం చూసుకునేది ఆవిడే.

"ఒక్కదానివే వచ్చావా అక్కా, ఈ మంచులో?"

"ఒక్కదాన్నే ఎక్కడ? నత్తివాడొకడు వెంటపడితే తరిమేశాను."

దొమితిలా చేతిలో గరిటె ఆగింది.

"గొర్రెతోలు కోటా?"

"అవును."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఏమో. లోయ దగ్గర ఏదో కేక వినపడింది. నేను ఆగలేదు."

దొమితిలా చారు పొయ్యి మీదే వదిలేసి వీధిలోకి పరుగెత్తింది. మొగుణ్ణి, ఇరుగుపొరుగుల్ని కేకేసింది.

చీకటి పడకముందే అతన్ని నిచ్చెన మీద పడుకోబెట్టి తెచ్చారు.

"ప్రాణం పోయినా ఒళ్లింకా చల్లబడలేదు. కాస్త ముందు తెలిసుంటే..." అని ఒకతను మాట మింగేశాడు.

లెయొకాదియా గోడకు ఆనుకుంది.

"ఎవరితను? నా వెనకెందుకు వచ్చాడు?"

"ఈ కొండల్లోని గొర్రెల కాపరి ఎవెలియో. ఒంటరిగా పోయేవాళ్లు కనపడితే చాలు, మందను ఎవరికో అప్పగించి, లోయ దాటేదాకా వెనకే వస్తాడు. పోయిన చలికాలం నుంచీ ఇదే పని."

"దేనికి?"

దొమితిలా అతని ముఖం మీది మట్టిని నడుముకు కట్టుకున్న గుడ్డతో తుడుస్తూ చెప్పింది.

"గస్పార్ అని ఎవరో పిల్లాడు అప్పుడా లోయలో పడ్డాడక్కా. సాయం తెద్దామని వీడు లేచినప్పుడల్లా 'నన్నొదిలి పోకు' అని చెయ్యి పట్టుకున్నాడట, అందుకే ఆ ప్రాణం పోయేదాకా ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు."