వంకర బీడీ

“సంతకం పెట్టను సారూ. మీరే వచ్చినా గంతే,” అంది సలీమా, ఒళ్లోని బీడీల చాట కూడా దించకుండా.

గడపలో నిలబడ్డది ఎవరో కాదు, ఎమ్మెల్యే హనుమండ్లు. బీడీలు చేసే తల్లుల ఆడపిల్లలు పదో తరగతితోనే చదువు ఆపేస్తున్నారని అసెంబ్లీలో గొంతు చించుకుని, కరీంనగర్‌లోని హాస్టల్ కాలేజీలో ముప్పై సీట్లు సాధించుకొచ్చాడు. తిండి, చదువు అంతా ఉచితం. ఇరవై తొమ్మిది నిండాయి. ముప్పయ్యోది సలీమా కూతురు ఇఖ్రాది. ఫారం మీద తల్లి సంతకం ఒక్కటే తక్కువ. ఆయన మనిషి కొమురెల్లి మూడుసార్లు వచ్చి ఉత్త చేతులతో వెళ్లాడు. ఇవాళ సాయంత్రం ఐదింటికి గడువు అయిపోతుంది.

మస్కట్‌లో ఉన్న మొగుడు ఫోన్‌లో “నీ ఇష్టం” అని ఊరుకున్నాడు. దూరాన ఉన్నవాడికేం, అనడం తేలిక. పదహారేళ్ల పిల్లను ఊరుగాని ఊరు పంపాల్సింది తను. చదువు వద్దని కాదు. ఓట్లు లేవు, గీట్లు లేవు, ఎమ్మెల్యే అంతటివాడు ఈ సందులోకి నడిచి రావడమేమిటి? ఫొటో తీసేవాడైనా వెంట లేడు. అదే ఆమెకు మరీ అనుమానంగా ఉంది. ఇప్పుడు ఉచితంగా ఇచ్చేవాడు రేపు ఏం అడుగుతాడో!

ఇఖ్రా లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చింది. ఆయన కూర్చోవడానికి చోటు చేద్దామని తల్లి ఒళ్లోని చాట అందుకోబోయింది. సలీమా ఎప్పటిలాగే ఆ చేతి మీద ఒక్కటి వేసి, లోపలికి పొమ్మంది.

అది చూసి ఎమ్మెల్యే ఎందుకో నవ్వాడు. ఆ నవ్వు సలీమాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది.

ఆయన ఓపికగానే చెప్పుకొచ్చాడు. హాస్టల్లో ఉండేదంతా ఆడవార్డెన్లే అన్నాడు. ఆదివారం ఆదివారం తల్లులు వెళ్లి చూసి రావచ్చన్నాడు. సలీమా బీడీలకు తునికాకు కత్తిరిస్తూనే ఉంది. చివరికి ఆయన, నన్ను కన్న అవ్వ ఐలవ్వ కూడా బీడీలు చేసి నన్ను చదివించింది, నీ కష్టం నాకు తెలుసు అన్నాడు.

కత్తెర ఆగింది. ఈ ముక్క ఆయన మీటింగుల్లో చెబుతాడని ఆమె ఎప్పుడో విన్నది. నేతగాళ్ల వాడకు పోతే మా బాపు మగ్గం నేశాడంటారు, రైతుల దగ్గరికి పోతే నాగలి పట్టాడంటారు. ఈ నాయకుల అవ్వాబాపులు చెయ్యని పని లోకంలో ఉందా?

“గట్లనా సారూ? అయితే జర ఒక్క బీడీ చేసి చూపియ్యుండ్రి,” అని చాట ఆయన ముందుకు తోసింది. “బీడీల ఇంట్ల పుడితే మగపోరగాళ్లకైనా వస్తది. ఒక్కటంటే ఒక్కటి చెయ్యుండ్రి, ఇప్పుడే సంతకం పెడత.”

తలుపు దగ్గర చేరిన ఇరుగుపొరుగు ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎమ్మెల్యే చాప మీద కూర్చుని ఆకు తీసుకున్నాడు. మొదటిది చిరిగింది. రెండోదాంట్లో పోసిన తంబాకు సగం తెల్ల ప్యాంటు మీద పడింది. ఎలాగో చుట్టాడు గానీ దారం బీడీకి బదులు వేలికి చుట్టుకుంది. చివరికి తేలింది ఒక బీడీ. నడుమ లావు, కొసలు వదులు, కప్పను మింగిన పాములా వంకర. ఆడవాళ్లు ఇక ఆపుకోలేక పకపకా నవ్వారు.

“నాకు రాదక్కా,” అన్నాడాయన చెమట తుడుచుకుంటూ. “మా అవ్వ నన్ను ఎన్నడూ…”

“చాలు సారూ,” అని అడ్డం వచ్చింది సలీమా. “కన్నతల్లి పేరు మీదనే అబద్ధమాడేటోళ్ల చేతుల నా బిడ్డను పెట్టాల్నా?”

ఆయన లేచాడు. ఫారం కిటికీలో పెట్టి, ఐదింటిదాకా బస్టాండ్ పక్కన ఆఫీసులో ఉంటానని చెప్పి వెళ్లిపోయాడు. సలీమాకు గెలిచినట్టే ఉంది. పిల్లకు పెద్ద గండం తప్పిందని హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఇఖ్రా ఏడవలేదు. పుస్తకాలన్నీ గోనెసంచిలో కుక్కి మూతి కట్టింది. వచ్చి తల్లి ఎదురుగా కూర్చుని, చాటను తన వైపు లాక్కుంది. సలీమా చెయ్యి అలవాటుగా లేచింది. కానీ ఈసారి దెబ్బ పడలేదు.

“కాలేజీ లేదంటివి గదా అమ్మీ. ఇగ గిదే నేర్చుకుంట,” అంది ఇఖ్రా.

బీడీల మధ్యే పుట్టి పెరిగిన పిల్ల. ఆకు తీసుకుంది, చింపింది. ఇంకోటి తీసుకుని తంబాకు ఒళ్లో పోసుకుంది. వేలికి చుట్టుకున్న దారాన్ని పళ్లతో లాగింది. పది నిమిషాలకు ఒక బీడీ తయారయ్యాక దాని వంక చూసి, అప్పుడు బావురుమంది. “నాకు వస్తలేదమ్మీ.”

“నీకెట్ల వస్తది బిడ్డా? నువ్వు చదువుకోవాలని, నేను నిన్ను ఎన్నడన్న ముట్టనిచ్చిన్నా…”

సలీమా మాట సగంలో ఆగిపోయింది.

చాటలో ఎమ్మెల్యే చేసిన బీడీ ఇంకా అలాగే పడి ఉంది. దాన్ని తీసి బిడ్డ చేసిన బీడీ పక్కన పెట్టింది. నడుమ లావు, కొసలు వదులు. ఏది ఎవరిదో పోల్చుకునే వీల్లేదు.

“జర గడియారం చూడు బిడ్డా,” అంది, గడప దగ్గర చెప్పుల కోసం తడుముకుంటూ. “ఐదయ్యిందా?”