పెదవుల మీద గీత

“అక్క నిన్నే పిలిచింది బావా. నువ్వే మర్లి సూడలే.”

ఓంప్రకాశ్ ఆ మాట దినాల నాడు పదిమందిలో అన్నాడు. ఇప్పుడు సిరిసిల్లలోని ఇంటర్నెట్ సెంటర్లోనూ అన్నాడు. అంబదాస్ ముందుకు వంగాడు. ఎదురుగా కంప్యూటర్ తెర మీద, చనిపోయిన తన భార్య జమున నూలు కండెలు చుడుతోంది.

కాలేజీ పిల్లలెవరో సాంచల కార్ఖానాలో తీసి యూట్యూబులో పెట్టిన వీడియో అది. సాంచలంటే మరమగ్గాలు; వాటి మోత తీసేసి సంగీతం కలిపారు. ముందు జమున. దూరంగా, సాంచల నడుమ అంబదాస్ వీపు. జమున ఉన్నట్టుండి తలెత్తి, అంబదాస్ వైపు చేయి చూపి ఏదో అంటుంది. వీడియో తీసిన సాయంత్రమే ఆమె గుండె ఆగిపోయింది.

“తీసిన పిల్లలను అడుగకపోయిన్రా?” అంది సెంటర్ నడిపే మమతారాణి.

“అడిగినం బిడ్డా. మోతల ఏం ఇనబడలే అన్నరు. మాకు ఇనవడుడు అక్కరలేదు. పెదవులు అవుపడితే సాలు” అన్నాడు అంబదాస్.

బావా బామ్మర్దులిద్దరూ సాంచలు నడిపేవాళ్లే. ఆ మోతలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు మాటలను కళ్లతో వింటారు. ఫోనులో జమున ముఖం గింజంత ఉందని ఇక్కడికి వచ్చారు. ఇక్కడేమో ఆమె తల తిప్పగానే బొమ్మ అడ్డంగా తెగుతోంది. ముక్కు ఒకచోట, గడ్డం ఇంకోచోట. గీత సరిగ్గా పెదవుల మీదే పడుతోంది.

“నెట్ స్లో ఉందా?” అన్నాడు ఓంప్రకాశ్.

“నెట్ స్లో అయితే ఆగుతది, గిట్ల తెగది. పాత బొమ్మ పూర్తిగ పోకముందే కొత్తది వచ్చి పడుతుంది. ఆ రెండిటి నడుమ గీత అది.”

మమతారాణి వేరే బ్రౌజర్‌లో పెట్టి చూసింది. తెగింది. వీడియో నాణ్యత తగ్గించింది. తెగడం ఆగలేదు సరికదా, ముఖం మసకబారింది.

“ఆపి సూడరాదు?” అన్నాడు ఓంప్రకాశ్.

“ఆపితే నోరు తెరిచి ఉంటది. మాట యాడ దొరుకుతది?” అన్నాడు అంబదాస్.

“నీకు భయమైతుంది బావా. ‘ఛాతిల నొస్తుంది, జర రా’ అన్నట్టే ఉంది నాకు.”

“అన్నదనుకో. అప్పుడు నన్ను ఇక్కణ్నే కొట్టు, ఏమనను. గని నాకు తెలువాలె.”

“కొట్టుకునుడు బయట పెట్టుకోరి కాకా. లోపల నా కంప్యూటర్లున్నయి” అంది మమతారాణి. ఆ మాటకు ఇద్దరూ నవ్వలేదు. ఆమె మళ్లీ తెర వైపు తిరిగింది.

తెర మీద బొమ్మను నడిపే గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదని తేలింది. కొత్తది దించి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. తెర వేగాన్నీ బొమ్మ వేగాన్నీ కలిపే సెట్టింగు ఆన్ చేసి, వీడియో పెట్టింది.

జమున తలెత్తింది. గీత లేదు.

అంబదాస్ అప్పటికే కళ్లు మూసుకున్నాడు. “నువ్వే సూసి చెప్పు ఓంప్రకాశ్. నాతోని గాదు.”

ఓంప్రకాశ్ చూశాడు. మళ్లీ పెట్టమన్నాడు. మమతారాణి మళ్లీ పెట్టింది. మూడోసారి అతను అడగలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకొని బావ భుజం మీద చేయి వేశాడు.

“పిలిచిందా?” అన్నాడు అంబదాస్, కళ్లు తెరవకుండానే.

“నిన్ను పిలువలే బావా. కెమెరా పిల్లలతోని మాట్లాడుతుంది.”

“ఏమని?”

ఓంప్రకాశ్ అక్క మాటలను ఒక్కొక్కటిగా చెప్పాడు.

“‘నన్నెందుకు తీస్తున్నరు, గా ఆయినను తియ్యున్రి. రేపు ఆయిన నాకన్న ముందు పోతే, సూసుకుంట బతుకుదామంటె నాకాడ ఒక్క ఫొటో లేదు’ అంటుంది.”