పరస్థానం సంచి

"ఆ కొండమీద ఏ దేవుడుండాడప్పా?" బియ్యం ఏరుతున్న నంజమ్మ తలెత్తి కొడుకును అడిగింది.

"దేవుడు లేడమ్మా. మంచుండాది," అన్నాడు మోహన్‌కుమార్.

"దేవుడు లేని కొండ ఎందుకెక్కేది?"

కాటన్‌పేటలోని ఆ ఇంట్లో నెలనాళ్లుగా ఇదే గొడవ. ఆఫ్రికాలో కిలిమంజారో అనే అగ్నిపర్వతం ఎక్కాలని మోహన్‌కుమార్‌కు పిచ్చి పట్టింది. ప్రతి ఆదివారం వీపున ఇసుక మూటతో శివగంగ కొండ ఎక్కి దిగుతున్నాడు. బ్యాంకులో సెలవు మంజూరైంది, టికెట్లు వచ్చాయి. ఇక అమ్మ ఒప్పుకోవాలి. బయట పులే గానీ, అమ్మ వద్దంటే గడప దాటే రకం కాదు.

"ఊపిరాడక చచ్చినోళ్లుండారంట. నాకు భయంగా ఉండాదిరా."

"అందరూ చస్తారామ్మా? జాగ్రత్తగా పోయొస్తా."

నంజమ్మ చాలాసేపు రాళ్లు ఏరింది.

"సరే, పో. నువ్వు పొయ్యేది శనివారం. మంచి గడియ బేస్తవారమే ఉండాది. పరస్థానం పెట్టి పో."

మోహన్‌కుమార్‌కు నవ్వొచ్చింది. మంచి గడియకు మనిషి కదలలేకపోతే సామాను ఇంకొకరింట్లో పెట్టడమే పరస్థానం. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఒట్టి చాదస్తం. అయినా అమ్మ ఒప్పుకుంది, అదే పదివేలు.

"బూట్లు పెట్టేదా?"

"ఏది లేకుంటే పోలేవో అది పెట్టాలప్పా."

గురువారం పొద్దున పాస్‌పోర్టు, టికెట్లు, బూట్లు సంచిలో వేసి, అమ్మ చెప్పినట్టే ఎదురింటి బాలయ్య చేతికిచ్చి వచ్చాడు. ఆ పూట సంగటి ముద్ద ఇంకొకటి అడిగి మరీ వేయించుకున్నాడు.

శనివారం సాయంత్రం బొంబాయి బస్సుకు వేళయింది. నంజమ్మ దీపం పెట్టి, కొడుకు నుదుట కుంకుమ దిద్దింది. సంచి తెచ్చుకుందామని వెళితే ఎదురింటికి తాళం.

"అమ్మా, బాలయ్య మామ యాడికి పోయినాడు?"

"కాశీకప్పా. పొద్దున్నే ఇంటిల్లిపాదీ రైలెక్కినారు. అమాసకు గానీ రారు."

మోహన్‌కుమార్ తాళం పట్టి గుంజి చూశాడు.

"సుత్తి ఇయ్యి. తాళం పగలగొడతా. మామ వచ్చినాక కాళ్లు పట్టుకుంటాలే."

"పగలగొట్టొద్దప్పా, పాపం, కొత్త తాళం," అంది నంజమ్మ. "సంచి లోపల లేదు. కాశీకి ఎత్తుకపొమ్మని నేనే చెప్పినా."