వేళాకోళపు వరస

పడవలో కాలు పెట్టగానే తిట్టు తగిలింది.

"జాగ్రత్తర్రా, అలసందలవాడు ఎక్కుతున్నాడు! గాలివాటు చూసుకుని కూర్చోండి."

పడవంతా నవ్వింది. మోంజోన్ కులిబాలీ నవ్వలేదు.

తిట్టినవాడు చివరి బల్ల మీద ఉన్నాడు. ఎండిన మనిషి. ఆకుపచ్చ టోపీ. ముందుపళ్ళు రెండు లేవు.

"నా ఇంటిపేరు నీకెవరు చెప్పారు?"

"పడవవాడు కులిబాలీ అని పిలిచాడుగా. పిలవకపోయినా నీ పొట్ట చెబుతుంది. నేను కెయిటాని. నీ యజమానిని. దణ్ణం పెట్టు."

కులిబాలీలకీ కెయిటాలకీ వేళాకోళపు వరస. కెయిటా అలసందల తిండిపోతన్నా, ఎంత మాటన్నా కులిబాలీ కోపం తెచ్చుకోకూడదు. కెయిటా అడ్డం వస్తే ఎత్తిన చెయ్యి దించాలి. తాతలనాటి కట్టు అది. సొంత ఇంటిపేరువాడికి ఆ హక్కు లేదు.

కట్టు కాబట్టి మోంజోన్ ఊరుకున్నాడు.

భార్య అసితాన్ పోయి ఏడాది. ఆ ఏడాదిలో అతడి మొహం చూసి పలకరించే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. అతడికి కావలసిందీ అదే. ఆమె మంచాన ఉన్నప్పుడు గడప తొక్కనివాళ్ళందరూ చావుకి మాత్రం వచ్చారు. ఒక్క మొహాన్నీ అతడు మరిచిపోలేదు.

సెగూ నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే ప్రయాణం. కుమ్మరుల ఊరు కలబుగూలో ఆడవాళ్ళు కుండలు కాల్చే రోజు. అసితాన్ నీళ్ళకుండ వేసవిలో పగిలింది. దాని మెడ ముక్క సంచిలో వేసుకుని, అలాంటిదే కావాలని బయల్దేరాడు.

మధ్యాహ్నం దాకా తిరిగాడు. చివరికి ఒక ముసలమ్మ ఆ ముక్కను వేళ్ళతో తడిమింది.

"ఈ మూడు గీతలూ నా చేతివే. ఇలా గీయించుకునేది ఒక్కతే. మెల్లగా మాట్లాడేది. రాలేదేం?"

మోంజోన్ ముక్కను తిరిగి సంచిలో వేసుకున్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. లోపలికెళ్ళి మూడు గీతల కుండ తెచ్చి చేతుల్లో పెట్టింది.

"ఆమె కోసమే చేసి ఉంచాను. ఇదే ఆఖరిది. నాకిక చూపు ఆనదు."

తిరుగు పడవలో ఆ కుండను రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. పక్కన హమ్మది అనే పశువుల కాపరి. వాడి చేతిలో పొట్టేలు తాడు.

నది నడుమ పెద్ద అల కొట్టింది. పొట్టేలు బెదిరి దూకింది. కుండ ముక్కలైంది.

మోంజోన్ పడవ గెడ అందుకుని లేచాడు. "నిన్ను చంపుతాను."

హమ్మది చెయ్యి మొలలోని కత్తి మీదికి పోయింది. పడవ ఒరిగింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు.

పొద్దుటి ఆకుపచ్చ టోపీవాడు చివరి బల్ల మీంచి లేచి ఇద్దరి మధ్యకీ వచ్చాడు.

"కొట్టరా అలసందలోడా, ముందు నన్ను కొట్టు! నీళ్ళకుండ పోయిందనా? కులిబాలీల ఇంట్లో నీళ్ళకుండేమిటి, అందులోనూ అలసందలే నానేస్తారు! ఈ పొట్టేలు పుణ్యమా అని ఊరికి మంచి గాలి దక్కింది."

"తప్పుకో."

"కెయిటాని. తప్పుకోను. దించు."

గెడ మెల్లగా దిగింది. మోంజోన్ అక్కడే కూలబడ్డాడు. ఏడాదిగా రాని ఏడుపు పడవలో అందరి ముందూ వచ్చింది.

హమ్మది కత్తి వదిలేశాడు. తలపాగా విప్పి, ముక్కలు ఒక్కొక్కటే ఏరి అందులో పెట్టాడు.

"ఎవరిదన్నా ఈ కుండ?"

"నా భార్యది."

"పేరు?"

"అసితాన్." ఆ పేరు పైకి అని ఏడాదైంది.

మామిళ్ల రేవులో టోపీవాడు దిగాడు.

"నీ చావుకి వస్తానురా అలసందలోడా. భోజనం బాగుంటేనే ఏడుస్తాను."

ఆ శుక్రవారం హమ్మది పాలు పట్టుకుని ఇంటికొచ్చాడు. తరవాతి శుక్రవారం పడవవాడు సెకు ఒక చేప పట్టుకుని వచ్చాడు. ఇక మానలేదు. ఆనవాయితీ ప్రకారం మూడో వాయి టీ దిగేదాకా కూర్చుని, టోపీవాడి తిట్లు ఒకరికొకరు అప్పజెప్పుకుని నవ్వేవారు.

ఒకసారి వెళ్ళి వాణ్ణి చూసి రావాలి అనేవాడు మోంజోన్. అనడం సులువు. అంటూనే వానాకాలం గడిపేశాడు.

వానలు వెనకబట్టాక, మర్యాదకి పట్టుకెళ్ళే కోలా కాయలు కట్టుకుని మామిళ్ల రేవులో దిగాడు.

"కెయిటా ఇల్లెక్కడ?"

"ఈ ఊళ్ళో కెయిటాలెవరూ లేరే," అన్నాడు వల బాగుచేస్తున్న మనిషి.

"ఆకుపచ్చ టోపీ. ముందుపళ్ళు ఉండవు. నోరు ఊరుకోదు."

"బాఫింగా! ఆలస్యంగా వచ్చావయ్యా. వానల మొదట్లో పోయాడు. ఇల్లు అదిగో."

వాకిట్లో బాఫింగ్ భార్య పొయ్యి దగ్గర ఉంది. చాప వేసింది. కోలా కాయలు రెండు చేతులా అందుకుంది. పొయ్యి మీది కుండలోంచి గిన్నె నిండా అలసందలు తీసి అతడి ముందు పెట్టింది.

"తిను నాయనా. ఆయనకి రెండు పూటలా ఇవే ఉండాలి. ఇంతకీ నువ్వెవరు?"

"ఆయనకి వేళాకోళపు వరసవాణ్ణమ్మా. ఆయన తిట్లకి బదులు తిట్టిపోదామని వచ్చాను. కులిబాలీని."

ఆమె గరిటె పట్టుకునే అతడి మొహంలోకి చూసింది.

"అదెలా కుదురుతుంది నాయనా? ఆయనా కులిబాలీయే."